విప్పుకున్న బీడీలు

బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ వాడలో సైరన్ కూత వినపడదు గానీ, పొద్దెక్కగానే రూతమ్మ వాకిట్లో కత్తెరల చప్పుడు మాత్రం మొదలవుతుంది. తడిపిన తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. చేతుల పని చేతులది, నోళ్ల పని నోళ్లది. పక్కింటి సుమిత్రమ్మ ఉన్నచోట రెండో పనికి ఎన్నడూ కొదవ లేదు.

ఆ వాడలో ఒక సంగతి అందరికీ తెలుసు. మనసు చితికిపోయిన మనిషి చుట్టిన బీడీ నిలవదు. ఎంత గట్టిగా కట్టినా కాసేపటికి దారం దానంతటదే ఊడి, ఆకు మళ్లీ చదునుగా పరుచుకుంటుంది. చెమ్మ తగిలితే బీడీ పాడవుతుందన్నంత మామూలుగా బీడీ కార్ఖానావాళ్లు కూడా ఆ మాట అంటారు.

వాళ్లతో కూర్చుని చుట్టే ఎదురింటి రోజా బీడీలు దసరా నుంచీ విప్పుకుంటున్నాయి. కష్టం ఇదీ అని ఒకటి చెప్పడానికి లేదు. కడుపు పోయిన బాధ ఉంది, నిద్ర పట్టకపోవడం ఉంది, ఎవరికీ తెలియనివి ఇంకా ఏవో ఉన్నాయి. మర్యాద తెలిసిన వాడ కదా, ఎవరూ అడగలేదు. ఆమె నీళ్లకు లేవగానే రూతమ్మ, సుమిత్రమ్మ గబగబా ఆమె బీడీల చాట లాక్కుని, విప్పుకున్నవన్నీ తిరిగి చుట్టి పెట్టేవారు. అదే పెద్ద సాయమనుకున్నారు. ఏసు ప్రభువు కూడా మెచ్చుకుంటాడనే రూతమ్మ నమ్మకం.

ఒకరోజు రోజా తల దువ్వుకుని, నవ్వుతూ వచ్చింది. చాలా రోజులకు ముఖం తేటగా ఉంది. ఇంట్లో చుట్టి తెచ్చిన చాట దించి, తన కత్తెర తీసి రూతమ్మ ఒళ్లో పెట్టింది.

“నువ్వే ఉంచుకో అక్కా. నాకెందుకిగ.”

బీడీలు చేసే ఆడది మెడలో గొలుసైనా ఇస్తుంది గానీ, చేతికి అలవాటైన కత్తెర ఇవ్వదు. రూతమ్మ చాటలోకి చూసింది. ఒక్కటంటే ఒక్క బీడీ లేదు, అన్నీ ఆకులే. అలవాటుగా చుట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్లూ తాము చుట్టి దాచింది ఏమిటో ఆమెకు తెలిసింది.

“రోజా, సచ్చిపోవాలనిపిస్తుందా నీకు?”

సుమిత్రమ్మ ఉలిక్కిపడింది. “నీ నోట్లె మన్నువడ! లేని ఆలోచన ఎందుకు పుట్టిస్తవే?”

రోజా రూతమ్మ చెయ్యి పట్టుకుంది. “ఎవలన్న అడుగుతరేమోనని ఇన్ని దినాలు సూసిన అక్కా,” అని భోరున ఏడ్చింది.

మొగుడు మంచోడు కదా, దేవుడున్నాడు కదా అని రూతమ్మకు బోలెడు మాటలు నాలుక చివరి దాకా వచ్చాయి. అవన్నీ మింగేసి, పక్కన కూర్చుని వింది. ఏడుపు తగ్గాక మెల్లగా అడిగింది.

“ఇంట్ల ఏమన్న తెచ్చి పెట్టుకున్నవా?”

రోజా తలూపింది. ఎక్కడుందో చెప్పింది.

సుమిత్రమ్మ అప్పటికే చెప్పులేసుకుంది. దాన్ని ఆ ఇంట్లో లేకుండా చేసి, రోజా పెనిమిటి మహేందర్‌కు ఫోన్ చేసింది. “తిట్టకు, గుచ్చి గుచ్చి అడుగకు. నిజామాబాద్ దవాఖానకు రా. మేం బస్సెక్కుతున్నం.”

దారి పొడవునా రూతమ్మ రోజా చెయ్యి వదలలేదు. సర్కారు దవాఖానలో మనసు డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది, మందులు రాసింది, మళ్లీ రమ్మంది. మళ్లీ వెళ్లారు.

బీడీలు వెంటనే కుదురుకోలేదు. రూతమ్మ కత్తిరించి ఇచ్చిన ఆకులతో రోజా చుట్టినవి కొన్ని నిలిచేవి, కొన్ని విప్పుకునేవి. ఇప్పుడు వాటిని ఎవరూ తిరిగి చుట్టడం లేదు. విప్పుకున్నప్పుడల్లా పని పక్కనబెట్టి ఆమెతో కూర్చుంటున్నారు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున రూతమ్మ కత్తెర తిరిగిచ్చింది. “నీదే. నీ కోసమే దాసిన.”

రోజా చాట నిండింది. మధ్యాహ్నానికి అందులో ఒక్క దారం జారింది. ఆమె దాన్ని కొంగు కింద దాచలేదు. చాటను ముగ్గురి మధ్యకూ జరిపింది.

“అక్కా, ఇయ్యాల ఒకటి ఇప్పుకున్నది. జర నా దగ్గర కూసోండ్రి.”

“చెప్పు బిడ్డా,” అంది సుమిత్రమ్మ. ఆ తర్వాత చాలాసేపు ఆమె నోటి పని ఆపి, వింటూ కూర్చుంది.