జిగురు పూసిన వంతెన

వంతెన అతుకు మీద గోటితో గీకగానే అక్కకి ఒళ్లు మండిపోయింది. గోటికి జిగురు పెచ్చు అంటుకుంది.

ఆ వంతెన మొత్తం పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిందే. నాలుగు మీటర్ల పొడవు, మనిషి నిలువెత్తు. ఇటుక మీద ఇటుక నొక్కి బిగించడమే తప్ప చుక్క జిగురు పడకూడదని ఆమె వర్క్‌షాపులో కట్టడి. బరువు మించితే జిగురులేని ఇటుకలు ఒక్కొక్కటే పట్టు వదులుతూ టిక్కు టిక్కుమంటాయి. ఆ చప్పుడు ఆమె చెవిన పడగానే బరువు దించేస్తారు. జిగురు పూస్తే ఆ హెచ్చరిక ఉండదు. పైగా ఆ ఘాటు జిగురు ప్లాస్టిక్‌ని లోలోపలే తినేస్తుంది.

ప్రదర్శనశాల జనంతో కిటకిటలాడుతోంది. ఇంకో పది నిమిషాల్లో తమ్ముడి కూతురు చిట్టి ఆ వంతెన మీద నడవాలి. ఇరవై ఆరు కిలోల పిల్ల. కింద సిమెంటు నేల.

ప్రదర్శనల వ్యవహారమంతా తమ్ముడిదే. అతన్ని తెర వెనక్కి లాక్కెళ్లి, జిగురు ఎవరు పూశారని అడిగింది. తనేనని ఒప్పుకున్నాడు. లారీలోంచి దించేటప్పుడు రెండు వరుసలు ఊడాయట. మళ్లీ కట్టే తీరిక లేక నిన్న సాయంత్రం అతుకులన్నిటికీ తనే పూసేశాడట.

"నువ్వు వంద కిలోలు పెట్టి చూశావుగా అక్కా. ఇప్పుడు ఇంకా ఎక్కువే మోస్తుంది."

"నేను చూసిన వంతెన ఇది కాదురా."

ముందు ఇసుక సంచులు పెట్టి చూద్దామంది. అతను ససేమిరా అన్నాడు. తమ వంతెనలు కొనడానికి బేరానికి వచ్చినవాళ్లు మొదటి వరుసలోనే ఉన్నారని, వాళ్ల ముందు కూలితే తలెత్తుకోలేమని అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పిల్లకి తండ్రి తనేనని, నిర్ణయం తనదేనని కూడా అన్నాడు. దాంతో ఆమె కోపం కట్టలు తెంచుకుంది.

ఆమె వేదికెక్కేసరికి చిట్టి అప్పటికే నిచ్చెన మూడో మెట్టు మీద ఉంది. చంకలో చెయ్యేసి దించేసింది. నా వంతు అత్తా, అంటూ పిల్ల గింజుకుంది. ఆమె నిచ్చెనను వంతెన మధ్యకి జరిపి, ఎక్కి, పది కిలోల ఇసుక సంచి ఎత్తి పైన పెట్టింది. నిలిచింది. చూశావా అన్నట్టు తమ్ముడు కిందనుంచి నవ్వాడు.

రెండో సంచి పెట్టి చెయ్యి తీసిందో లేదో, వంతెన ఫట్టున రెండు ముక్కలైంది. ముందుగా ఒక్క టిక్కు లేదు. ఇటుకలు సిమెంటు మీద వడగళ్లలా ఎగిరిపడ్డాయి.

ఇదీ ఆటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. తమ్ముడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అయినా అలవాటు కొద్దీ చెయ్యి మైకు అందుకుంది. చూశారుగా మా ప్రయోగం, అని మొదలుపెట్టాడు.

ఆమె నిచ్చెన దిగి అతని కాలరు పట్టుకుంది. గొంతు పెంచలేదు.

"ఇరవై కిలోలకి విరిగింది. నీ కూతురి బరువెంతో చెప్పు."

అతను చిట్టి వైపు చూశాడు. పిల్ల నోరు తెరుచుకుని, తను నడవాల్సిన ఖాళీలోకి చూస్తోంది.

"ఇరవై ఆరు," అన్నాడు. మైకులో ఆ అంకె హాలంతా వినపడింది. చప్పట్లు ఆగిపోయాయి. "జిగురు... నేనే పూశాను."

ఆమె కాలరు వదల్లేదు.

"నాకు చెప్పకుండా పూశాననీ అను."