కళ్ళు మూసి కొట్టిన మేకు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. కుర్చీలన్నీ ఖాళీ అయినా కథలో వీసమెత్తు తగ్గించేది లేదు. అడ్డుప్రశ్నలు వేసేవాళ్ళు మాత్రం ఆఖరిదాకా ఆగండి, సాక్షి పేరు కూడా చెప్తాను.

ఆ నగరంలో గుర్రప్పందేల మైదానం ఉందనడం తప్పు. ఆ మైదానం చుట్టూ ఒక నగరం ఉందనాలి. మొదట్లో అది దోమలు కూడా దిగడానికి జంకే బురదనేల. ఎవరి గుర్రం గొప్పదో తేల్చుకుందామని ఇద్దరు మొండి ఆసాములు దాని చుట్టూ పరిగెత్తించారు. తేలలేదు. మళ్ళీ పరిగెత్తించారు. తొక్కీ తొక్కీ బురద గట్టిపడింది. చూడవచ్చిన జనం ఫలితం తేలేదాకా కదలమని పట్టుబట్టి అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. యుద్ధమొచ్చినప్పుడు మైదానం నిండా సైనికుల గుడారాలు వేశారు, కరువులో బంగాళాదుంపలు వేశారు. గుర్రాలు గుడారాల మీంచి, దుంపల చాళ్ళ మీంచి దూకుతూ పరిగెత్తాయే తప్ప ఒక్క పూటైనా మానలేదు.

పొద్దున్నే అక్కడ సాధన మొదలవుతుంది. ముందు కుర్రగుర్రాలు, తర్వాత ముదురువి, వాటి వెనక పందెంలో పడి చచ్చిపోయినవి. ఆ చివరివాటికి జీనుండదు, రౌతుండడు. అవి ఎంత తొక్కినా గడ్డి మీది మంచు రాలదు. కావలివాడు వాటికీ గేటు తీసి పట్టుకుంటాడు. "ముసలి నల్లది ఈ పూట హుషారుగా ఉందే" అంటాడు ట్రైనరు టీ చప్పరిస్తూ. అంతకుమించి ఎవరికీ పట్టదు. బతికున్నవాటి దారికి అడ్డం రాకపోతే చాలు.

గిట్టలకు లాడాలు కొట్టే మేస్త్రి మాత్రం ఆ గుంపు వచ్చే వేళకు తల ఎత్తేవాడు కాదు.

మేస్త్రంటే ఆషామాషీ మేస్త్రి కాదు. అతను సుత్తి ఎత్తితే గుర్రాలే వచ్చి కాలు చాపేవి. పరిగెత్తే గుర్రానికి లాడం కొట్టగలడని నగరమంతా చెప్పుకునేది. నగరానికి చెప్పింది అతనే అనుకోండి, అది వేరే సంగతి.

రోజూ పొద్దున ఆ చివరి గుంపులోంచి గోధుమరంగు ఆడగుర్రం ఒకటి, మనిషి భుజం దాటని బుల్లి గుర్రం, విడివడి వచ్చి మేస్త్రి షెడ్డు ముందు వరసలో నిలబడేది. దాని వంతు రాగానే ముందరి ఎడమకాలు ఎత్తేది.

"మేస్త్రీ, నీ చుట్టం వచ్చింది!" గుర్రాలు తోమేవాడు కేకేసేవాడు.

"చూశాలే."

"చచ్చినా నీ చేతివాటం మరిచిపోలేదు చూడు. ఎంత ప్రేమయ్యా!"

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా పళ్ళు బిగించి, "రేపు చూద్దాంలే, పోవే" అనేవాడు. అది కాలు దించి వెళ్ళిపోయేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. అది పడిన రోజునుంచీ అతని నోట దాని పేరు రాలేదు.

జరిగింది ఇదీ. పందెం రోజున ఇనుప లాడాలు ఊడదీసి, తేలికపాటి అల్యూమినియం లాడాలు కొడతారు. మేకు గిట్ట గోటిలోంచే పోయి పక్కకు తేలాలి. వెంట్రుకవాసి లోపలికి పోయిందా, అది మాంసం. ఆ రోజు గుర్రం యజమాని తన చుట్టాలను షెడ్డు చూపించడానికి తీసుకొచ్చాడు. "కళ్ళు మూసుకుని కొడతావటగా?" అంది వాళ్ళలో ఒకావిడ. మేస్త్రి మీసం దువ్వి, కళ్ళు మూసుకుని, ఆఖరి మేకు దిగ్గొట్టాడు. షెడ్డు చప్పట్లతో మోగిపోయింది. ఆ మోతలో, చేతికింద కాలు జివ్వున వణికింది. అది అతనికొక్కడికే తెలిసింది. మేకు పీకితే గుర్రం పరిగెత్తదు. చప్పట్లూ వెనక్కి ఇచ్చేయాలి. మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

మైదానం వంపులో గుర్రం కూలిపోయింది. కాలు నుజ్జునుజ్జయింది. ఇక లాడం వైపు చూసిందెవరు? దాని మీదున్న జాకీ మరెవరో కాదు, మేస్త్రికి స్వయానా అక్క మొగుడు. వంపులో కళ్ళెం మరీ లాగావంటూ కమిటీ బావ లైసెన్సు రద్దు చేసింది. అప్పట్నుంచీ బావ అదే మైదానంలో, గుర్రాల గిట్టలు పెకలించిన గడ్డిపెళ్ళలను పలుగుతో సర్దుతున్నాడు. అక్క వేరే జాకీలకు రంగుల చొక్కాలు కుడుతోంది.

ఇన్నాళ్ళకు కమిటీ చివరిసారిగా బావ మాట వింటానంది. ఆ పొద్దున బావ షెడ్డులోకొచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"ఏరా బావమరిదీ, ఒక మాట చెప్తాను. నవ్వకూడదు."

"చెప్పు బావా."

"తప్పు నాదేనని ఒప్పేసుకుంటాను."

మేస్త్రి చేతిలో సుత్తి ఆగింది. "నువ్వు లాగలేదుగా!"

"లాగలేదనే అనుకున్నానురా. ఆ వంపు దగ్గరే మట్టి సర్దుతూ సర్దుతూ ఆలోచిస్తే... లాగానేమో. లేకపోతే బంగారంలాంటి గుర్రం ఊరికే ఎందుకు పడుతుంది? నా చెయ్యే దాన్ని చంపింది. ఆ మాటే రాత్రి మీ అక్కతో అన్నాను. సూది పడేసి ఏడ్చింది."

వరసలో చివర గోధుమరంగు గుర్రం నిలబడి ఉంది. ఎడమకాలు ఎత్తింది.

మేస్త్రి ఈసారి రేపనలేదు. గిట్టను ఒళ్ళోకి తీసుకున్నాడు. పట్టకారు పట్టి, ఆఖరి మేకును మెల్లిగా లాగాడు. వెచ్చటి నెత్తురు ఒళ్ళో పరుచుకున్న తోలు గుడ్డ మీద బొట్లుబొట్లుగా రాలింది.

బావ లేచి వచ్చి మేకు చూశాడు. "కళ్ళు మూసుకుని కొట్టావా?"

"మూసుకున్నాను బావా."

బావ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. గుర్రం మెడ మీద నుదురానించి, "నేను కాదు కదే, నేను కాదు కదా" అంటూ ఉండిపోయాడు.

మేస్త్రి మేకు తీసుకెళ్ళి కమిటీవాళ్ళ నున్నటి బల్ల మీద పెట్టాడు. నెత్తురు ఇంకా జారుతోంది. అధ్యక్షుడు కాగితాలు పక్కకు లాక్కుని, మేకును వేలితో తాకి, "వెచ్చగానే ఉంది" అన్నాడు. చచ్చిన గుర్రం నెత్తురేమిటని ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్కటే: "అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చప్పట్లు కొట్టారండి" అన్నాడు మేస్త్రి.

బావ లైసెన్సు బావకొచ్చింది. మేస్త్రి సుత్తి, పట్టకారు ఇంకొకరి చేతికి పోయాయి. ఆ సాయంత్రం అక్క తమ్ముడి గుమ్మందాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండా, "తిన్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

ఇప్పుడు పలుగు మేస్త్రి చేతిలో ఉంది. వంపు దగ్గర అతను గడ్డిపెళ్ళలు సర్దుతుంటే, పక్కనే ఆ బుల్లి గుర్రం లాడాల్లేని కాళ్ళతో తీరిగ్గా మేస్తుంది. గుంపుతో పరుగు మానేసింది. బావ రోజూ అటే దౌడు తీస్తాడు, తల తిప్పడు.

ఒక పొద్దున వెనక గిట్టల చప్పుడు. "తప్పుకోరా! కళ్ళు మూసుకున్నావా?"

తిట్టే. అయినా ఇన్నాళ్ళకు బావ నోటినుంచి వచ్చిన మొదటి మాట. మేస్త్రి గబుక్కున పక్కకు దూకి, గుర్రాన్ని కూడా జరగమని, ఇన్నాళ్ళూ గొంతులో అడ్డుపడ్డ ఆ పేరు పెట్టి పిలిచాడు. అది తలెత్తి చూసి, జరిగింది. మేస్త్రి ఆ పలుగు మీదే వాలి వెక్కివెక్కి ఏడ్చాడు.

సాక్షి కావాలన్నారుగా! కావలివాడికి చూపు ఆనదు, ట్రైనరు నాకంటే పెద్ద కోతలరాయుడు. వాళ్ళెందుకు? పొద్దున్నే వెళ్ళి వంపు దగ్గర కంచె పక్కన నిలబడండి. మేస్త్రి పిలిచినట్టే మెల్లిగా పిలవండి, తలెత్తి మీవైపు చూస్తుంది.

దాని పేరు పిచ్చుక.