సీటు మీద రెండు దెబ్బలు

మా అత్తగారింటి నుంచి బయటపడటం అంత తేలికైన పని కాదు. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే ప్రతి ఆదివారం అంత ముందుగా చెప్పులేసుకుని నిలబడేదాన్ని కాదు.

అక్కడ వీడ్కోలుకు అయిదు మజిలీలు. "ఇక వస్తాం" అంటూ సోఫాలోంచి లేవడం మొదటిది. అత్తయ్య "అప్పుడేనా?" అంటుంది కాబట్టి మళ్ళీ కూర్చోవాలి. రెండోది గుమ్మం. పొద్దుటి నుంచి ఎవరికీ గుర్తురాని మోకాళ్ళ నొప్పులూ, పక్కింటివాళ్ళ తగాదాలూ, కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన సంబంధాలూ సరిగ్గా నేను చెప్పుల్లో కాలు పెట్టేసరికి గుర్తొచ్చేవి. మూడోది మెట్లు. మా ఆయన నాయనమ్మని ఇంటిల్లిపాదీ బామ్మ అనేవాళ్ళు. ఆవిడ మెట్ల రెయిలింగు పట్టుకుని మనవణ్ణి "తల తుడుచుకున్నావా?" అని అడిగేది. వాన ఉన్నా లేకున్నా అదే ప్రశ్న. నాలుగోది గేటు, అది మా ఆడపడుచు రాజ్యం. "వదినా, ఒక్క మాట" అని పట్టుకుందంటే ఆ ఒక్క మాటకి అంతుండేది కాదు.

అయిదోది వీధి మలుపు. అక్కడికి మామయ్యగారు ఒక్కరే వచ్చేవారు, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే. మా స్కూటరు సీటు మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచి "ఇక పోనివ్వు" అనేవారు. అప్పటిదాకా మా ఆయన బండి తీసేవాడు కాదు.

మామయ్యగారిది బళ్ళకి సీట్లు కుట్టే దుకాణం. కొత్త సీటు బిగించాక లోపలి స్పాంజి సర్దుకునేలా దాని మీద రెండు దెబ్బలేసి, బండివాడితో "ఇక పోనివ్వు" అనడం ఆయనకు పనితోపాటు వచ్చిన అలవాటు. దుకాణంలోంచి అది ఇంటిదాకా వచ్చేసింది. ఆయనవి పాము చెవులు. ఎదురుగా కుట్టుమిషను టకటకలాడుతున్నా, వెనకగదిలో బిస్కెట్ల డబ్బా మూత తీసిందెవరో చెప్పగలిగేవారు.

ఇక నా సంగతి. నేను బస్సుల డిపోలో కంట్రోలర్ని. ఏ బస్సు ఎప్పుడు కదలాలో చూసి ఈల వేసి పంపించడం నా ఉద్యోగం. డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని కబుర్లలో పడితే ఒంటికాలి మీద లేచేదాన్ని. మా అమ్మ నర్సు, నాన్న లేడు, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. మా ఇంట్లో "వెళ్తున్నా" అన్న మాట సగంలో ఉండగానే తలుపు మూసుకునేది. అలాంటి దాన్ని తెచ్చి ఈ అయిదు మజిలీల మధ్య పడేశారు. మా ఆడపడుచు నాకు 'ఈల వదిన' అని పేరు పెట్టింది.

మా ఆయన పళ్ళు చేసేవాడు. డాక్టరు కాదు. డాక్టరు కొలత తీసి పంపితే ల్యాబులో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేసేవాడు. ఒక్క పన్ను రంగు పక్క పంటితో కలవడానికి పూటంతా దాన్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసే ఓపిక అతనిది. ఓపిక లేనిదల్లా దేన్నైనా చివరిదాకా తీసుకెళ్ళడానికే. గిటారు కొన్నాడు, మూడు పాటల దగ్గర ఆగింది. ఫొటోలు తీయడం నేర్చుకున్నాడు, కెమెరా బీరువాలోకి వెళ్ళింది. ఆదివారం భోజనాల దగ్గర మామయ్యగారు నవ్వుతూ "మావాడు మొదలుపెట్టడంలో మొనగాడమ్మా" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు, కానీ ఇంటికొచ్చేదాకా స్కూటరు మీద మాట్లాడేవాడు కాదు.

ఆ మాట తప్పని చూపించాలన్న పట్టుదలతోనే ట్రయాథ్లాన్ పట్టుకున్నాడు. ముందు చెరువులో ఈత, తర్వాత సైకిలు, ఆఖర్న పరుగు. ఒక్కోదానికీ ఒక గడువు. గడువు దాటితే ఒంటికి తగిలించిన నంబరు తీసుకుని పక్కకి పంపించేస్తారు.

"ఒక్కసారి పూర్తిచెయ్యాలి. నాన్న చూస్తుండగా," అన్నాడు నాతో. నేను కూడా చేరిపోయాను. నిజం చెప్పాలంటే ఆటమీద మోజుతో కాదు. కొత్త పెళ్ళాన్ని, పొద్దున్నే మొగుడు ఈతకొలనుకి పోతే ఒక్కదాన్నే ఇంట్లో ఏం చెయ్యను?

ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందు ముక్కుకి తగిలేది క్లోరిన్ వాసనే. మా తలగడలకీ అదే వాసన. రెండు గదుల ఇల్లు, అందులో రెండు సైకిళ్ళు. మంచానికీ గోడకీ మధ్య ఒకటి, వంటగది తలుపు వెనక ఒకటి. నీళ్ళ కోసం లేచిన ప్రతిసారీ పెడలు పిక్కకి తగిలేది. కుర్చీలన్నీ తడి తువ్వాళ్ళకే సరిపోయేవి కాబట్టి నేలమీద కూర్చుని, గిన్నెలోంచే ఇద్దరం తినేసేవాళ్ళం. నేను పరిగెత్తుతానుగానీ ఈత నాకు చచ్చేంత భయం. అతను నీళ్ళలో చేపే. "తల దించు కంట్రోలరు గారూ, నీళ్ళకి డ్యూటీ చార్ట్ ఉండదు," అని ఏడిపించేవాడు. మింగిన నీళ్ళు కక్కుతూ నేను తిట్టిన తిట్లకి లెక్కలేదు. ఎంత అలిసిపోయేవాళ్ళమో, ఎంత నవ్వుకునేవాళ్ళమో. అంత చిన్న ఇంట్లో అంత సుఖంగా ఉన్నామని అప్పుడు తెలియలేదు.

మొదటి పోటీ పెళ్ళయిన కొద్ది నెలలకే వచ్చింది. దానికి నేనింకా సిద్ధం కాలేదు, అతనొక్కడే దిగాడు. చెరువులోంచి ముందు వరసలోనే బయటికొచ్చాడు. సైకిళ్ళు నిలబెట్టిన చోట బట్టలూ బూట్లూ మార్చుకుని బయల్దేరాలి. ఆ చోటుకి చుట్టూ కంచె. కంచె అవతల మా అత్తగారి కుటుంబం మొత్తం! బామ్మ తువ్వాలు చాచి "తల తుడుచుకో నాన్నా, జలుబు చేస్తుంది" అంది. తుడుచుకున్నాడు. అత్తయ్య నారింజ తొనలు అందించింది. తిన్నాడు. చెల్లెలు ఫొటో తీసింది. కళ్ళు మూసుకున్నాడని మళ్ళీ తీసింది. నేను కంచె పట్టుకుని "కదులు! కదులు!" అని అరుస్తూనే ఉన్నాను. చివరికి మామయ్యగారు కంచెలోంచి చెయ్యి దూర్చి సీటు మీద రెండు చరిస్తేగానీ అతను కదల్లేదు. సైకిలు గడువు కొద్దిలో తప్పింది. నంబరు తీసేసుకున్నారు.

ఆ సాయంత్రం మామయ్యగారు "మొదలుపెట్టడంలో మొనగాడు" అనలేదు. రెండో పోటీకి మేమిద్దరం పేర్లిచ్చామని చెప్పిన ఆదివారం మాత్రం చెంచా కింద పెట్టి, "ఈసారి మేమెవరం రాం," అన్నారు.

"అదేంటి నాన్నా?" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఆగలేదురా. మేం ఆపాం. నువ్వు ఆఖరి గీత దాటాక ఫోను చెయ్యి, చాలు."

బామ్మ ఏదో అనబోయింది. "అమ్మా, నువ్వు కూడా," అన్నారు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే, అయినా నాకేమీ సంతోషం కలగలేదు. ఆయన అన్నం సగంలోనే వదిలేసి, పక్కకి తిరిగి చెయ్యి కడుక్కున్నారు.

పోటీ రోజు చెరువు చల్లగా ఉంది. ఈత మొదలైందో లేదో అతను కనబడకుండా పోయాడు. నేను నా భయంతో నేను తంటాలు పడి, వెనకవాళ్ళలో ఒకదాన్నై గట్టుకి చేరాను. పరిగెత్తుకుంటూ సైకిళ్ళ దగ్గరికి వచ్చి ఠక్కున ఆగిపోయాను. మా ఆయన అక్కడే ఉన్నాడు. బూట్లేసుకున్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు, సైకిలు పట్టుకుని ఖాళీ కంచెవైపు చూస్తున్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటి? దెబ్బ తగిలిందా?"

"లేదు. బానే ఉన్నా."

"మరి?"

"ఎవరూ రాలేదు," అన్నాడు, అదేదో ఇప్పుడే తెలిసినట్టు. "తెలుసు, వద్దనుకున్నాం. కానీ కాలు కదలట్లేదే. ఎవరూ పొమ్మనకుండా నేనెప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు."

ఇంకెవరైనా ఈ మాటంటే నవ్వేదాన్ని. ఆ మొహం చూస్తే నవ్వు రాలేదు. గడువు మా ఇద్దరికీ కరిగిపోతోంది. నా సైకిలు అవతల వరసలో ఉంది. ఒక కాలికి బూటు తొడిగాను, రెండోది చేతిలో ఉంది. దాన్నలాగే పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాను.

"అప్పుడేనా?" అన్నాను, అత్తయ్యలాగా.

అతను నా వంక చూశాడు.

"నడు, నడుస్తూ మాట్లాడదాం. తల తుడుచుకున్నావా?"

"హెల్మెట్ పెట్టుకున్నా," అన్నాడు. సైకిలు కదిలింది.

"నీళ్ళ సీసా పెట్టుకున్నావా? అన్నయ్యా, ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటే. కళ్ళు మూసుకోకు, ఫొటో పాడవుతుంది." ఆడపడుచు గొంతు పెట్టి అంటూ, ఒంటి బూటుతో కుంటుతూ, ఒంటిమీంచి నీళ్ళు కారుతుండగా, ఆ వరస పొడుగునా అతని పక్కనే నడిచాను. అతని మొహంలోకి నవ్వొచ్చింది. సైకిలు ఎక్కడానికి గీసిన గీత దాకా వెళ్ళాం. అక్కడ ఆగి సీటు మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచాను.

"ఇక పోనివ్వు."

పోనిచ్చాడు. వెనక్కి తిరిగి చూడకుండా పోనిచ్చాడు.

వెనక్కొచ్చి రెండో బూటు తొడుక్కుని నేను బయల్దేరేసరికి చాలామంది వెళ్ళిపోయారు. ప్రాణం పెట్టి తొక్కాను. సైకిలు గడువు దగ్గర తెల్ల టోపీ పెట్టుకున్న ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి "సారీ అండీ" అని నా నంబరు తీసుకుంది. నేను పంపిన ఏ బస్సునీ ఎప్పుడూ ఆలస్యం కానివ్వలేదు. ఆ రోజు నేనే ఆలస్యమయ్యాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. అతను ఎంత దూరం వెళ్ళుంటాడా అన్న ఒక్క ఆలోచనే.

సైకిలు నడిపించుకుంటూ బళ్ళు ఆపిన చోటు మీదుగా వస్తుంటే, చెట్ల వెనక ఒక పాత వ్యాను కనబడింది. అద్దాల నిండా ఆవిరి. ఆవిరి సందుల్లోంచి కనబడ్డ ఆ సీట్లు కుట్టిన చెయ్యి నాకు తెలుసు. అద్దం మీద తట్టాను. కిందికి దిగింది. డ్రైవరు సీట్లో మామయ్యగారు, వెనక అత్తయ్య, ఆడపడుచు, ఒళ్ళో మడతపెట్టిన తువ్వాలుతో బామ్మ. వ్యానంతా నారింజ తొక్కల వాసన.

"మేం రాలేదమ్మా. వ్యాను వచ్చింది," అన్నారు మామయ్యగారు.

నవ్వు ఆపుకోలేకపోయాను.

"నువ్విక్కడేం చేస్తున్నావ్?"

"నన్ను ఆపేశారు మామయ్యా."

"వాడు?"

"వెళ్ళాడు."

"ఎవరు పంపించారు?" ఆ గొంతులో భయం ఉంది.

"నేనే. సైకిలెక్కే గీత దాకా వెళ్ళి పంపించా."

ఆయన కిటికీలోంచి నా వైపు వంగారు. "సీటు?"

"రెండుసార్లు కొట్టా."

"ఊఁ," అన్నారు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. అత్తయ్య చెయ్యి కిటికీలోంచి వచ్చి నా తడి జుట్టు మీద పడింది. బామ్మ "ముందు దాని తల తుడవండే," అంది.

"లేవండి, ఆఖరి గీత దగ్గరికి పోదాం," అన్నాను. "అది దాటాక ఎంత ఆపినా ఫరవాలేదు."

అతను ఆఖరివాళ్ళలో ఒకడిగా వచ్చాడు, ఒక పక్కకి ఒరిగి, కాళ్ళీడ్చుకుంటూ. కానీ గడువులోపే వచ్చాడు. గీత అవతల మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. మామయ్యగారు పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి భుజం పట్టుకుని "మావాడు! పూర్తిచేశాడు!" అని చెప్పారు. తర్వాత ఇంకో మనిషికి చెప్పారు. మా ఆయన విన్నాడు. బామ్మ చేతుల్లో తల పెట్టి తువ్వాలు కిందే ఏడ్చాడు. ఎంతసేపు తుడిచినా ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ సాయంత్రం అందరూ మా రెండు గదుల ఇంటికే వచ్చారు. కుర్చీల మీది తడి తువ్వాళ్ళు తీసేశాం. బామ్మని మంచమెక్కించాం. బయల్దేరేటప్పుడు మొదటిసారి వెళ్ళేవాళ్ళు వాళ్ళయ్యారు, పంపించేవాళ్ళం మేమయ్యాం. అయిదు మజిలీలూ పూర్తిగా జరిగాయి. నేనే "అప్పుడేనా?" అన్నాను. మా ఆయన కాళ్ళు పట్టేసి మెట్లు దిగలేకపోయాడు, పైనుంచే చెయ్యూపాడు. వీధి మలుపు దాకా నేనొక్కదాన్నే వెళ్ళాను, ఇంట్లో వేసుకునే చెప్పులతో.

వ్యాను ఆగి ఉంది. మామయ్యగారు ఇంజను వేసి కూర్చున్నారు, కదలడం లేదు. అప్పుడు అర్థమైంది, నాకోసం చూస్తున్నారని. డ్రైవరు పక్క తలుపు తీసి, ఆయన సీటు అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచాను.

"ఇక పోనివ్వండి మామయ్యా."

ఆయన వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆ వ్యానూ లేదు, దుకాణమూ లేదు. ఇప్పుడు మా ఇంటి నుంచి ఎవరు కదిలినా వీధి మలుపు దాకా వెళ్ళేది నేనే. మా ఆయన "కంట్రోలరు గారూ, బస్సు ఆలస్యమవుతోంది" అని వెనక నుంచి ఎగతాళి చేస్తాడు. అయితే అవనీ. ఎవరి బండి సీటు మీద చెయ్యి పడినా నాకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. పక్కగదిలో డబ్బా మూత తీస్తే వినపడే ఆ మనిషి, తలుపు వేసుకోకుండా, నా వైపు చెవి వంచి అన్నారు:

"ఇంకోసారి కొట్టమ్మా. నాకు సరిగ్గా వినపడలేదు."