బల్ల మీద వాన

మంగళవారం సాయంత్రం భోజనాలయ్యాక చిసాతో వంటింటి బల్ల తుడిచి, దాని మీద ముందు పాత తువ్వాలు పరుస్తుంది. ఆ పైన మ్యాపు. తువ్వాలు లేకపోతే బల్లంతా తడే. మ్యాపులో గీసిన కొండల్లో నిజంగా పడే వానే ఈ కాగితం మీదా పడుతుంది మరి. చలికాలంలో శిఖరాల మీద ఉప్పు చల్లినట్టు మంచు కనిపిస్తుంది. అసామ అగ్నిపర్వతం బుసకొట్టిన రోజున బూడిద వచ్చి ఊరగాయ పళ్ళెంలో రాలుతుంది. పెళ్ళయిన కొత్తలో ఉయెదా స్టేషను పక్కన పుస్తకాల కొట్లో కొన్న మ్యాపది. పని అయిపోయాక చిసాతో దాన్ని బట్టలతోపాటు దండెం మీద ఆరేస్తుంది.

ఆమె మొగుడు మిత్సుగు తతామి చాపలు కుడతాడు. కొట్టుకు బుధవారం సెలవు. ఆ రోజున చిన్న మోటారు సైకిలు మీద ఏదో ఒక కొండ మొదలుకు పోతాడు. బండి అక్కడ వదిలేసి రేడియో, బ్యాటరీ, తీగచుట్ట, చేపలుపట్టే పొడుగాటి కర్ర వీపున వేసుకుని శిఖరం ఎక్కుతాడు. కర్ర నిలబెట్టి దానికి తీగ కట్టి, ఎవరైనా వింటున్నారా అని గాల్లోకి పిలుస్తాడు. దేశదేశాల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరిదీ ఒకటే నియమం. శిఖరం మీంచి పిలిస్తే కనీసం నలుగురు పలకాలి. ముగ్గురితో సరిపెట్టుకుని దిగితే ఆ కొండ ఎక్కనట్టే.

"రేపు కరసుమినె," అన్నాడు మిత్సుగు మ్యాపు సర్దుతూ.

"మళ్ళీనా?" అన్నాడు నకజో. అతను మంగలి, మిత్సుగుకు రేడియో నేస్తం. ఊరగాయ కోసమే వస్తాడని చిసాతో అనుమానం. "రెండుసార్లు ముగ్గురితోనే తిప్పి పంపింది. ఆ కొండకి నువ్వంటే గిట్టదోయ్."

"పాపం, కొండనెందుకు ఆడిపోసుకుంటారు నకజో సాన్?" అంది చిసాతో టీ పోస్తూ. "బుధవారం పూట లోకమంతా పనికి పోతుంది. ఈయన ఒక్కరే పైకెక్కి, అయ్యా ఎవరైనా ఉన్నారా అని అడుక్కుంటారు. ఎవరుంటారు?"

"ఈసారి ముగ్గురితో దిగేది లేదు," అన్నాడు మిత్సుగు. "చీకటి పడనీ, ఏమైనా కానీ. నాలుగోవాడు పలికాకే దిగడం."

ఆ మాట చిసాతోకు నచ్చలేదు. అయినా అతని పట్టుదల సంగతి తెలుసు కాబట్టి ఊరుకుంది.

మగవాళ్ళిద్దరూ దారి చూసుకున్నారు. పాత కనుమ దారిన పోవాలా, కొత్త రోడ్డునా? బండి గుడి దగ్గర పెట్టాలా, కట్టెల మిల్లు దగ్గరా? మిత్సుగు కరసుమినె మీద వేలు పెట్టి చూశాడు. పొడిగా, వెచ్చగా ఉంది. పాత కనుమ మీద కాస్త పొగమంచు ఉంటే నకజో ఉఫ్ అని ఊదాడు. అది పోలేదు. సరే, కొత్త రోడ్డే అనుకున్నారు.

చివరికి మిత్సుగు ఫోను తీశాడు. ఫలానా వేళకు ఫలానా శిఖరం మీద ఉంటానని ముందే చాటితే, వినేవాళ్ళు చెవులు రిక్కించుకుని ఉంటారు. అలా చాటడానికి అందరికీ కలిపి ఇంటర్నెట్లో ఒక బోర్డుంది. అక్కడ చెల్లేది గ్రీనిచ్ గడియారం. జపాన్ వేళలోంచి తొమ్మిది గంటలు తీసేసి రాయాలి. ఇన్నేళ్ళలో మిత్సుగు ఎప్పుడూ మరిచిపోలేదు. ఆ సాయంత్రం మాత్రం నకజో ఆఖరి ఊరగాయ ముక్క మీద చెయ్యి వేశాడు. దాన్ని కాపాడుకునే హడావిడిలో పొద్దున్న పదకొండును పదకొండుగానే కొట్టేశాడు.

మర్నాడు పొద్దున్న చిసాతో ఆరు అన్నపు ముద్దలు కట్టి ఇచ్చింది. బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. మ్యాపు పొడిగానే ఉంది కదా అని బల్ల మీదే వదిలేసి, దాని పక్కన కూర్చుని వంకాయలు కోస్తోంది. పదకొండు దాటాక ఫోను మోగింది.

"చిసాతో సాన్, నేను నకజోని. వృద్ధాశ్రమంలో ఉన్నాను, ఇక్కడి పెద్దలకి జుట్టు కత్తిరిస్తున్నా. ఇప్పుడే బోర్డు చూశాను. మీ ఆయన రాత్రి ఎనిమిదింటికి కొండ మీద ఉంటానని లోకమంతా చాటాడు. ఇప్పుడు అక్కడ ఎంత అరిచినా వినేవాడు లేడు."

నవ్వబోయిన చిసాతో కళ్ళు మ్యాపు మీద పడ్డాయి. కరసుమినెకు ఉత్తరాన, గట్టు వెనకాల కాగితం మీద నల్లటి మబ్బు లేస్తోంది. వంకాయ తొక్కంత నలుపు. కొసన సన్నగా మెరుస్తోంది కూడా.

"నకజో సాన్, ఉత్తరాన పిడుగు మబ్బు."

అవతల కత్తెర చప్పుడు ఆగిపోయింది. "అక్కణ్ణించి అతనికి కనపడదు. ఆ గట్టు అడ్డం. పైన ఫోనూ పలకదు. నా రేడియో చూస్తే ఇంట్లో ఉండిపోయింది."

చిసాతో ఫోను పెట్టేసి మూలనున్న ఇంకో రేడియో మీటింది. గరగర మధ్య మొగుడి గొంతు వచ్చింది. అప్పటికే బొంగురుపోయింది.

"కరసుమినె శిఖరం నుంచి. ముగ్గురు పలికారు, కృతజ్ఞతలు. ఇంకొక్కరు, ఒక్కరు చాలు. ఎవరైనా ఉన్నారా?"

నెత్తిన పిడుగును పిలిచే ఇనుపముక్కలా ఆ కర్ర నిలబెట్టుకుని కూర్చున్నాడు. దిగిరమ్మంటే దిగుతాడా? ఇంకొక్కరు పలకనీ అంటాడు. ఆ ఒక్కరూ పలికితే తప్ప ఆ మనిషి కదలడు. ఒకప్పుడు తనూ రేడియోలో మాట్లాడేది. అసలు వాళ్ళిద్దరికీ పరిచయమే అలా అయింది. తర్వాత కొట్టు, అత్తగారు, పిల్లలు. మైకు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. అయినా ఆమె లైసెన్సు గడువు ముగిసినప్పుడల్లా మిత్సుగు తనదాంతోపాటు కొత్తది చేయిస్తూనే వచ్చాడు. ఎందుకీ దండగ అని ఆమె కసురుకునేది. ఈ పూట ఆ దండగకు మనసులోనే దణ్ణం పెట్టుకుని మైకు నొక్కింది. లైసెన్సు మీదున్న తన గుర్తు ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.

అవతల గరగర, దాని వెనకే మిత్సుగు గొంతు.

"ఎ... ఎవరది?"

"గుర్తు చెప్పాను కదా. రాసుకోండి."

"రాశాను." మిత్సుగు గొంతు సవరించుకున్నాడు. "పలికినందుకు చాలా కృతజ్ఞతలండీ. మీ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది, రేడియో లెక్కలో ఐదు తొమ్మిది. మీరుండే చోటు?"

"ఉయెదా. మీ వంటిల్లు. మీకూ ఐదు తొమ్మిది. నలుగురయ్యారా?"

"అయ్యారు."

"అయితే అన్నీ అక్కడే పడేసి దిగండి. మీ వెనక గట్టు అవతల పిడుగు మబ్బుంది. మ్యాపు నల్లబడిపోయింది."

మ్యాపు మాటకు ఆ ఇంట్లో ఎదురు మాట లేదు. రేడియో మూగబోయింది.

చిసాతో బల్ల ముందు నిలబడిపోయింది. మబ్బు గట్టు దాటి శిఖరాన్ని కప్పేసింది. చినుకులు కోసిన వంకాయల మీద పడుతున్నాయి. ఆ చిన్న కొండ మీద అరచెయ్యి అడ్డం పెట్టాలనిపించింది. పెడితే పైన ఏమవుతుందో తెలియక చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతలో దారప్పోగంత మెరుపు దిగి, అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. శిఖరం దగ్గర కాగితం కాలిన వాసన.

ఎంతసేపో ఫోను మోగలేదు. మోగేసరికి ఆమె దాన్ని పట్టుకునే ఉంది.

"చిసాతో," అన్నాడు మిత్సుగు. "బండి దగ్గరున్నాను. చెట్లలోకి దిగాక పడింది. నేను కూర్చున్న చోటే."

ఆమె ఫోను చెవికి అదుముకుంది. అతని ఊపిరి వినపడుతోంది. బతికున్న మనిషి ఊపిరి ఇంత బాగుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అది వింటూ చాలాసేపు అలాగే నిలబడింది.

రాత్రి ఎనిమిదింటికి బోర్డు చూసినవాళ్ళంతా పాపం నిజంగానే వచ్చారు. ఎముకలు కొరికే చలిలో శిఖరం మీద కూర్చున్నాడు కాబోలు ఈ పిచ్చివాడు అనుకుంటూ ఒక్కొక్కరే పిలిచారు. మిత్సుగు వంటింట్లో ఎండిన చొక్కాతో కూర్చుని అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు, జరిగింది చెప్పాడు. చీవాట్లు పెట్టినవాళ్ళే చివరికి చిసాతోను పిలవమన్నారు. నీగాత నుంచి ఒక ముసలాయన ఆమె గొంతు గుర్తుపట్టి, ఇన్నాళ్ళు ఎక్కడికెళ్ళావమ్మా అన్నాడు.

వారం తిరిగి మళ్ళీ మంగళవారం వచ్చింది. చిసాతో తువ్వాలు పరిచి మ్యాపు వేసింది. కరసుమినె దగ్గర ఆవగింజంత రంధ్రం. మిత్సుగు దాని మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"రేపు ఎటు?" అన్నాడు నకజో.

మిత్సుగు పెళ్ళాం వైపు చూశాడు. చిసాతో దక్షిణాన ఎండ కాస్తున్న చిన్న కొండొకటి చూపించింది.

"రేపు నేనూ వస్తాను," అంది. "కానీ ఆలోచించుకోండి. ఒకే కొండ మీద ఉన్నవాళ్ళు మాట్లాడుకుంటే లెక్కకు రాదు కదా. నాలుగోవాళ్ళు దొరక్కపోతే నేను పనికిరాను."

మిత్సుగు మ్యాపు మీంచి వేలు తీశాడు.

"లెక్కకు రాకపోతే రాకపోనీ," అన్నాడు. "ముగ్గురితోనే దిగుదాం."