ఫొటో రోజు తర్వాత లేచిన గోడ

“అత్తయ్యా, కాళ్లు పైకి లాక్కోండి!”

బట్టలు కత్తిరించే బల్ల మీద కూర్చున్న ముసలావిడ చేతనైనంత వరకు లాక్కుంది. మోకాళ్లు అరిగిపోయిన మనిషి, అంతకంటే కదల్లేదు. నీళ్లు బల్ల కోళ్లను సగానికి పైగా మింగేశాయి. కుట్టు మిషను తొక్కుడు పలక ఎప్పుడో మునిగింది. నిన్న మడతపెట్టిన స్కూలు చొక్కాలు గదంతా ఈదుతున్నాయి.

“ఇస్త్రీ చేసినవన్నీ మళ్లీ తడిపేశావు కదే కోడలా!” అంది ఆవిడ. మాట వేళాకోళమే కానీ, రెండు చేతులా బల్ల అంచు పట్టుకుంది.

బట్టలు కుట్టే ఆ కోడలిని వీధి మొత్తం వదిన అనే పిలుస్తుంది. భర్త సరుకు లారీతో పొరుగూరు వెళ్లాడు. ముందున్న ఇనుప షట్టరును ఆమె పైకి లేపబోయింది. కదల్లేదు. వీధిలోని నీళ్లు బయటి నుంచి నొక్కిపట్టి, కింది సందులోంచి బుసలు కొడుతూ లోపలికి వస్తున్నాయి. ఇక మిగిలింది వెనక గోడ. దానికి చేతికందేంత ఎత్తులో ఊచల కిటికీ ఉంది. వదిన స్టూలెక్కి అందులోంచి బయటికి చూసింది.

చూసి నిర్ఘాంతపోయింది. ఇంటి వెనక పల్లంలో కాలువ పారుతోంది. అది ఒడ్డు కూడా దాటలేదు! ముందు వీధిలో నడుము లోతు నీళ్లు, వెనక వైపు బురద మాత్రమే. మధ్యలో అడ్డంగా నిలబడింది ఈ గోడ. వరసలో ప్రతి ఇంటికీ ఇలాంటిదే ఒకటి.

ఈ గోడ సంగతి చెప్పుకోవాలి. వీధి ఏటవాలులో ఉంది. ఎగువన కురిసిన వానంతా ఈ ఇళ్ల కింద నుంచే కాలువలోకి దిగాలి. అందుకే ఇక్కడ ఇల్లు కట్టుకునేవాళ్లకు మున్సిపాలిటీవాళ్లు ఒక షరతు పెట్టారు. కింది అంతస్తులో స్తంభాలే ఉండాలి, గోడలు ఉండకూడదు. ఇల్లు పూర్తయ్యాక ఇంజనీరు వచ్చి చూసి, ఫొటో తీసుకుని, కాపురానికి అనుమతి ఇస్తారు. వీధివాళ్లు దానికి ముద్దుగా ఫొటో రోజు అని పేరు పెట్టుకున్నారు. ఆ రోజు స్తంభాల మధ్య నేల కడిగి, ఎవరిదో ఒక కారు తెచ్చి నిలబెడతారు. ఇటుకలు పక్క సందులో పట్టా కింద నక్కి ఉంటాయి. ఇంజనీరు జీపు మలుపు తిరిగిందో లేదో, మేస్త్రి తాపీ బయటికి తీస్తాడు. అందరూ పగలబడి నవ్వుకుంటారు. పాఠకులారా, ఆ నవ్వులో ఏదో ఒక రోజు మనమూ గొంతు కలిపినవాళ్లమే కదా?

ఈ కిటుకు వీధికి మొదట నేర్పిందెవరో అందరికీ తెలుసు. పైకి అన్నవాళ్లే లేరు.

వదిన అల్మరా మీంచి బొగ్గుల ఇస్త్రీపెట్టె దించింది. రెండు చేతులా ఎత్తి గోడ మీద మోదింది. పై అంతస్తు బాల్కనీలోంచి కేక వినిపించింది.

“ఎవరది? ఏం చేస్తున్నావమ్మాయ్?”

ఇంటి యజమాని, ఆమెకు స్వయానా మేనమామ. తండ్రి పోయాక అన్నం పెట్టి పెంచినవాడు. వీధి సంఘానికి ప్రెసిడెంటు కూడా.

“గోడ పగలగొడుతున్నా మావయ్యా!”

“నీకేమైనా పిచ్చా? మొన్ననే రంగు వేయించాను! కాసేపు ఓపిక పట్టు, ఎవరినైనా పంపిస్తాను.”

“ఈతొచ్చినవాణ్ణి పంపించండి అన్నయ్యగారూ!” అని అరిచింది అత్తగారు. “నీళ్లు బల్ల అంచుకొచ్చాయి, నా ఓపిక కూడా!”

“అది నా గోడమ్మా!”

“గోడ నీదే మావయ్యా. ప్రాణాలు మావి!”

మళ్లీ మోదింది. ఫొటో అయిన వెంటనే హడావిడిగా లేపిన గోడ. సిమెంటు కంటే ఇసుకే ఎక్కువ. ఒక ఇటుక కదిలి అవతలికి జారింది. ఆ కన్నం చాలు, మిగతా పని నీళ్లే అందుకున్నాయి. వదిన ఒక్క గెంతులో బల్ల మీదికెక్కి అత్తగారిని వాటేసుకుంది. గోడ నడిమి భాగం ఫెళ్లున విరిగింది. గదిలోని నీళ్లు, చొక్కాలు, స్టూలు అన్నీ కాలువ వైపు పరుగు తీశాయి.

పక్కింటివాళ్లు కిటికీల్లోంచి చూశారు. కాసేపటికి వరస పొడవునా గునపాల చప్పుడు మొదలైంది. సాయంత్రానికి వీధి నీళ్లలోంచి బయటపడింది. కానీ చివరింటి కింద కాపురముండే మంగలాయన, కూలిన బీరువా కింద కాలు నుజ్జయి ఆసుపత్రి పాలయ్యాడు. అతని గోడ పగలగొట్టేవాళ్లు ఎవరూ లేకపోయారు.

మర్నాడు వదిన బురద ఎత్తిపోస్తుంటే మేనమామ వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతులో తేనె కారుతోంది.

“ఇంజనీరు వస్తోందమ్మా. మిషన్ల మీద దుమ్ము పడకుండా గోడ మేమే కట్టుకున్నామని చెప్పు. అద్దెకున్నవాళ్లను ఎవరూ ఏమీ చెయ్యరు. ఈసారి గట్టి గోడ కట్టిస్తాను. లేదంటావా, సామాను సర్దుకోవాల్సి వస్తుంది. పెంచిన చేతిని కరవవుగా?”

వదిన ఇంకో పారెడు బురద ఎత్తిపోసింది. పార కింద పెట్టి చేతులు కడుక్కుంది.

ఇంజనీరమ్మ వచ్చేసరికి వీధంతా పోగయింది. మేనమామ ముందుకొచ్చి, వాన ఎక్కువైందన్నాడు, కాలువ పూడిక తీయలేదన్నాడు. ఆవిడ వింటూనే విరిగిన గోడ దగ్గర ఆగింది.

“ఇక్కడ స్తంభాలే ఉండాలి కదా? ఈ గోడ ఎవరు కట్టించారు?”

ఒకరిద్దరు వెనక్కి తగ్గారు. చెప్పులు చూసుకునేవాళ్లు చెప్పులు చూసుకున్నారు.

“అద్దెకున్నవాళ్లే మేడమ్,” అన్నాడు మేనమామ నిట్టూరుస్తూ. “చదువులేని పిల్ల, తెలియక కట్టుకుంది. నా మొహం చూసి వదిలెయ్యండి.”

కుర్చీలో కూర్చున్న అత్తగారు కోడలి చెయ్యి గిల్లింది. “చెప్పవే. నాకు మొండి పట్టు ఎక్కువన్న లోకం, నీకూ ఉందని తెలుసుకోనీ. మనం ఎక్కడైనా బతుకుతాం.”

వదిన విరిగిన గోడ మీదికెక్కి నిలబడింది.

“మేడమ్, ఆ షరతు మమ్మల్ని కాళ్లరిగేలా తిప్పడానికి పెట్టారని నవ్వుకున్నాం. కాదు. నీళ్లకు దారి వదలమన్నారు, అంతే. మేం వదల్లేదు, అవి మా ఇళ్లలోంచే దారి చేసుకున్నాయి. అనుమతి ఫొటోకి కాదు, ఆ ఇంట్లో పడుకునే మనిషికి! ఇక్కడ ఇంకో ఇటుక లేస్తే ఇదే ఇస్త్రీపెట్టెతో మళ్లీ పగలగొడతాను.”

“దిగు కిందికి!” అన్నాడు మేనమామ పళ్లు బిగించి.

“దిగను. అన్నం పెట్టావు మావయ్యా, ఆ రుణం మర్చిపోను. కానీ మంగలాయన కాలుతో దాన్ని తీర్చలేను.” ఆమె వేలు చాచింది. వీధి చివరివాళ్లకు కూడా వినిపించేలా గొంతెత్తింది.

“ఈ గోడ కట్టించింది, ఈ వీధిలో ప్రతి ఇంటి కిందా గోడ లేపడం నేర్పింది మా మేనమామ. మీ ప్రెసిడెంటు. ఇదిగో, ఈయనే!”