చుక్క పడుకున్న మధ్యాహ్నం

మూడో గదిలోని గుర్రానికి ఎడమ డొక్క మీద పేడ మరక అంటుకుని ఉంది. అంటే ఆ పక్కకు ఒరిగి పడుకుందన్నమాట. నాలుగోదాని జూలులో రెండు గడ్డిపోచలు వేలాడుతున్నాయి. ఐదో గదిలో పరిచిన గడ్డి నడుమ అణిగిపోయి, ఎవరో పెద్ద తొట్టిని అదిమి తీసినట్టు గుంట పడి ఉంది. అతను పార భుజాన వేసుకుని ఒక్కొక్క గదిలోకీ తొంగిచూస్తూ నడిచాడు. గుర్రాల దగ్గర పనిచేసేవాళ్ళు పొద్దున్నే వచ్చి ముందు మేత చూస్తారు, లేకపోతే నీళ్ళు చూస్తారు. అతను ముప్పయ్యొక్క ఏళ్ళుగా ముందు నిద్ర చూస్తున్నాడు.

చివరిదైన తొమ్మిదో గదిలో గడ్డి నిన్న సాయంత్రం తను పరిచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దాని మధ్యలో చుక్క నిలబడి ఉంది. గోధుమరంగు ఆడగుర్రం, నుదుట అరచేయంత తెల్లటి మచ్చ. పంతొమ్మిదేళ్ళది. తల వాలిపోయింది. కింది పెదవి జారింది. ఒక వెనకకాలిని సడలించి గిట్ట కొసను మాత్రం నేలకు ఆనించింది. అతను చూస్తుండగానే తల ఇంకా వాలి, ముక్కు గడ్డికి తగిలింది. ముందుకాళ్ళు వణికి, ఒక్కసారిగా మడతపడ్డాయి. పడబోయి, ఉలిక్కిపడి, తూలుతూ నిలదొక్కుకుంది. కళ్ళు తెరిచి, తప్పు చేసి దొరికిపోయినదానిలా అతనికేసి చూసింది.

"ఏం కాలేదులే అమ్మా," అన్నాడతను.

లోపలికి వెళ్ళి గొంతుకూర్చుని దాని ముందుకాళ్ళు తడిమాడు. గిట్టలకు కాస్త పైన, కీళ్ళ ముందువైపు వెంట్రుకలు ఊడి, చర్మం దోక్కుపోయి ఉంది. పాత గాయం మానకముందే దాని మీద కొత్త గాయం. ఇరవై మూడు రోజులుగా ఇదే వరస.

అది ఊరి చివర పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే బడి. పొడుగాటి రేకుల షెడ్డు, ఇసుక పోసిన మైదానం, కంచె, అంతే. అతను పొట్టి మనిషి. కాస్త దొడ్డికాళ్ళు. కుడిచేతి చూపుడువేలి కొస ఎప్పుడో ఒక మగగుర్రం కొరికేస్తే పోయింది. స్వారీ నేర్చుకునే పిల్లలు అతన్ని గుర్రం తాత అంటారు, మిగతావాళ్ళు పెద్దాయనా అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతను గుర్రమెక్కి ఆ మైదానం చుట్టి రాలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు, అతనికీ తోచలేదు.

పక్కగదిలో పదకొండేళ్ళపాటు బూడిద అనే మగగుర్రం ఉండేది. రెంటికీ మధ్య నడుమెత్తు గోడ. చుక్క పడుకుంటే బూడిద గోడ మీదుగా మెడ చాపి నిలబడేది. బూడిద పడుకుంటే చుక్క నిలబడేది. వంతులు వేసుకున్నట్టు ఉండేది వాటి వరస. బూడిదకు మంచి బేరం వచ్చి అమ్మేశారు. ఆ రోజు నుంచి చుక్క నేలకు ఒళ్ళు ఆనించలేదు. మొన్న స్వారీ మధ్యలో, ఎనిమిదేళ్ళ పిల్ల వీపు మీద ఉండగా, మైదానం నడుమ మోకాళ్ళ మీద కూలబడింది. పిల్ల ముందుకు తూలి పడింది. మణికట్టు విరిగింది.

చుక్కను తీసుకుపోవడానికి ఇవాళ నాలుగింటికి లారీ వస్తుంది. ఎక్కడికన్నది ఎవరూ పైకి అనలేదు. అక్కడికి వెళ్ళిన గుర్రం తిరిగి రాదని అందరికీ తెలుసు.

మేనేజరు తన గది బయట నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. యువకుడే, చెడ్డవాడేమీ కాదు. అతను కాస్త దూరంలో ఆగి, ఫోను పెట్టేసేదాకా చూశాడు.

"అయ్యా, దానికి జబ్బేం లేదండీ. నిద్ర లేదు, అంతే."

"గుర్రాలు నిలబడే నిద్రపోతాయి కదా పెద్దాయనా?"

"అది కునుకండీ. కీళ్ళు బిగబెట్టుకుని కునుకు తీస్తాయి. అసలు నిద్ర పడితే కాళ్ళల్లో పట్టు పోతుంది. అందుకే దానికి నేల కావాలి. రోజుకి ఓ అరగంటైనా ఒళ్ళు పరిచి పడుకోవాలండీ. ఒంటరిగా ఉంటే పడుకోవు. పక్కన ఇంకోటి మెలకువగా నిలబడి ఉంటేనే పడుకుంటాయి."

అతను ఇంత పొడుగ్గా మాట్లాడటం మేనేజరు ఎప్పుడూ వినలేదు. ఫోనును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మరి మొదటివారంలోనే ఎందుకు చెప్పలేదు?"

చెప్పాడు. తొమ్మిదిరోజులకొకసారి వచ్చే పశువుల డాక్టరమ్మకి చెప్పాడు, లెక్కలు రాసే గుమాస్తాకి చెప్పాడు. పెద్దవాళ్ళకి చెప్తామన్నారు. ఆ మాట ఇప్పుడంటే వాళ్ళమీద చాడీ చెప్పినట్టు ఉంటుందనిపించి నేలచూపులు చూశాడు.

"రెండు రోజులు ఆగండయ్యా. ఏడోగది గుర్రాన్ని దాని పక్కకి మారుస్తాను. పడుకుంటుంది."

"డాక్టరమ్మ సంతకం అయిపోయింది. ఆ పిల్ల వాళ్ళ నాన్న పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇప్పుడు నేనేం చెయ్యను, మీరే చెప్పండి?"

అతను తల ఊపి వచ్చేశాడు.

పదకొండింటిదాకా గదులు ఊడ్చాడు. పేడ తీశాడు. నీళ్ళతొట్లు కడిగాడు. ఎండ ఎక్కింది. పిల్లల తరగతులు అయిపోయాయి. పనివాళ్ళు అన్నాలకు వెళ్ళిపోయారు. అతని క్యారేజీలో చెల్లెలు పెట్టిన అన్నం ఉంది. మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. తొమ్మిదోగదిలోకి ఇంకో రెండు మోపుల గడ్డి తెచ్చి మోకాలెత్తు పరిచాడు. తలుపు చేరవేసి, పక్కనున్న ఖాళీగదిలోకి వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. బూడిద మెడ చాపి నిలబడే చోటు అదే.

ఎలాగూ పోయేదానికి ఇప్పుడు నిద్రెందుకని ఎవరైనా అడగొచ్చు. నిద్ర లేకుండా పంపించడం మాత్రం అతనివల్ల కాలేదు.

చుక్క అతన్ని వాసన చూసింది. తిరిగింది. గడ్డిని ముందుకాలితో రెండుసార్లు గీరింది. మళ్ళీ నిలబడిపోయింది. పావుగంట. అరగంట. ఈగలు ముసురుతుంటే తోలాడు. అతని మోకాళ్ళు లాగుతున్నాయి, అయినా కూర్చోలేదు. కూర్చున్న కాపలా కాపలా కాదని గుర్రానికి తెలుసని అతని నమ్మకం.

ఇలా కదలకుండా ఉండటం అతనికి కొత్త కాదు. నాలుగేళ్ళ కిందట భార్యకు గుండె వాచింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. దిండ్లు ఎన్ని పెట్టినా జారిపోయేవి. చివరికి అతను మంచం మధ్యలో కూర్చుని వీపు చూపించేవాడు. ఆమె తన వీపును అతని వీపుకి ఆనించి, తల వెనక్కి వాల్చి కునుకు తీసేది. ఐదు నెలలు అలాగే. "గోడకి కూడా ఇంత ఓపిక ఉండదయ్యా," అనేది ఆమె. ఒక మధ్యాహ్నం ఆమె బరువు అతని మీద మామూలుకంటే ఎక్కువగా పడింది. ఇన్నాళ్ళకు ఒళ్ళు మరిచి నిద్రపోతోందని అతనికి సంతోషం వేసింది. కదిలితే లేస్తుందని, కాళ్ళు తిమ్మిరెక్కినా, చీమ కుట్టినా అలాగే ఉన్నాడు. చెల్లెలు టీ తెచ్చి, గుమ్మంలో ఆగి, వదిన మొహం చూసి గ్లాసు జారవిడిచింది. అప్పటికి గంటన్నర అయింది.

ఆ తరవాత అతను మంచం మీద పడుకోలేదు. కుర్చీలోనే. "అన్నయ్యా, గుర్రాలతో తిరిగి తిరిగి నువ్వూ ఆ జాతిలో కలిసిపోయావు. రేపు దాణా పెట్టమంటావు," అని చెల్లెలు నవ్వించబోయింది మొదట్లో. ఇప్పుడు అనడం మానేసింది.

రెండున్నర దాటాక చుక్క నాలుగు కాళ్ళూ దగ్గరకు తెచ్చుకుంది. గుండ్రంగా ఒకసారి తిరిగింది. ముందుకాళ్ళు మడిచింది. పెద్దగా మూలిగి, వెనకభాగం దించి, గడ్డి మీద కూలబడింది. అతను ఊపిరి బిగబట్టాడు. అది తలెత్తి అతన్ని చూసింది. అతను ఉన్నాడు. కాసేపటికి మళ్ళీ చూసింది. ఉన్నాడు. అప్పుడు మెడను నేలకు వాల్చి, ఒక పక్కకు ఒరిగి, నాలుగు కాళ్ళూ బారజాపి ఒళ్ళు వదిలేసింది.

అంతపెద్ద జంతువు అంత మెత్తబడిపోవడం అతను ఎన్నిసార్లు చూశాడో. అయినా కన్ను తిప్పుకోలేదు. రెప్పల కింద కనుగుడ్లు కదులుతున్నాయి. గురక మొదలైంది. కాసేపటికి కాళ్ళు గాలిలో చిన్నచిన్నగా ఆడాయి. ఎక్కడికో పరిగెడుతోంది. లోగొంతుకతో సన్నగా సకిలించింది. బూడిదను పిలిచేటప్పుడు అలాగే పిలిచేది.

మూడుంపావుకే లారీ వచ్చింది. ఇంజను చప్పుడు వినగానే అతను తలుపు దాటి బయటికొచ్చి చేతులు రెండూ ఊపాడు. డ్రైవరు ఇంజను ఆపేసి దిగాడు.

"ఏది బాబాయ్, తొందరగా ఎక్కిస్తే చీకటి పడకముందే చేరతాను."

"పడుకుంది."

"అయితే లేపు."

"ఇరవైమూడు రోజుల తరవాత పడుకుంది బాబూ. కాసేపు. నాలుగింటికి కదా అన్నారు."

డ్రైవరు తలుపులోంచి తొంగిచూశాడు. అక్కడున్న నిద్రను చూసి అతనికీ గొంతు తగ్గింది. "సరేలే," అని లారీ నీడలోకి వెళ్ళి కూర్చున్నాడు. అతను మళ్ళీ గోడ పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు గుర్రాన్ని కాక గోడగడియారాన్ని చూస్తున్నాడు. తను కాపలా ఉన్నాడనే ధైర్యంతో అది పడుకుంది. ఆ కాపలాదారే లేపి లారీ ఎక్కించాలి. వేరేవాళ్ళు చేస్తే కొడతారు, అరుస్తారు, తాడు గుంజుతారు. ఆ పని ఇంకొకరికి వదలలేడు.

నాలుగు కొట్టింది. మేనేజరు కాగితం పట్టుకుని వస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది. అతను లోపలికి వెళ్ళి, దాని మెడ మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు.

"లేమ్మా. పొద్దెక్కింది."

చుక్క కళ్ళు తెరిచింది. బెదరలేదు. ముందుకాళ్ళు చాపి, ఒక్క ఊపున లేచి నిలబడి, ఒళ్ళంతా విదిల్చింది. గడ్డిపోచలు ఎగిరాయి. చెవులు నిక్కబొడుచుకున్నాయి. పగ్గం పట్టుకుని బయటికి తీసుకొస్తే ఎండలో దాని ఒళ్ళు నిగనిగలాడింది. తూలలేదు. మెడ ఎత్తి, అడుగులు ఎత్తెత్తి వేస్తూ, అతనికంటే ముందే నడిచింది.

డ్రైవరు లేచి నిలబడ్డాడు. "ఇదేనా? ఇది నిక్షేపంలా ఉందే! దీన్నెందుకండీ..."

మేనేజరు గుర్రాన్ని చూశాడు. కాగితాన్ని చూశాడు. పెద్దాయనకేసి చూసి, ఏదో అనబోయాడు. అంతలో జేబులో ఫోను మోగింది. దాన్ని తీసి, ఎవరో చూసుకుని, "ఆఁ, ఇప్పుడే పంపించేస్తున్నామండీ," అంటూ అటు తిరిగాడు.

లారీకి ఆనించిన బల్ల మీదుగా అతను ముందు ఎక్కాడు. చుక్క ఆగలేదు, బెట్టు చెయ్యలేదు. అతని వెనకే ఎక్కింది. లోపల తాడు కట్టి, ముడి మరీ బిగుసుకోలేదు కదా అని చూసి, నుదుటి మచ్చ మీద అరచెయ్యి ఒక్కసారి ఆనించి దిగిపోయాడు. లారీ గేటు దాటాక లోపలి నుంచి ఒక సకిలింపు వినిపించింది. షెడ్డులో ఏ గుర్రమూ బదులు పలకలేదు.

"పెద్దాయనా," అన్నాడు మేనేజరు కొంతసేపటికి. "ఆ గది శుభ్రం చేయించండి. ఎల్లుండి కొత్తది వస్తుంది." అని, వెళ్ళబోతూ ఆగి, "మీరు పొద్దున చెప్పినప్పుడు..." అన్నాడు. మిగతాది అనకుండానే వెళ్ళిపోయాడు.

అతను పార తీసుకుని తొమ్మిదోగదిలోకి వెళ్ళాడు. అణిగిన గడ్డిలో మెడ ఆనిన చోటు, డొక్క ఆనిన చోటు వేర్వేరుగా తెలుస్తున్నాయి. చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా వెచ్చగా ఉంది. కాస్త చల్లారాక తీద్దామనుకుని నిలబడ్డాడు. తరవాత అదేం మాట అని తనకే అనిపించి, మొత్తం ఎత్తి బండిలో వేశాడు. నేల కడిగాడు.

సాయంత్రం మేతవేళ గుర్రాలు తలుపులు తన్నుతున్నాయి. పొద్దున నానబెట్టిన దాణా బకెట్లు ఒక్కొక్కటే తీసుకెళ్ళి తొట్లలో పోశాడు. పని అయిపోయిందనుకుని చేతులు కడుక్కోవడానికి మేతగదిలోకి తిరిగివచ్చేసరికి, కుళాయి పక్కన ఇంకో బకెట్ ఉంది, తొమ్మిదోగదిది. అందులో గింజలు నీళ్ళన్నీ పీల్చుకుని, ఉబ్బి, అంచుదాకా వచ్చి ఉన్నాయి.