మూడో సిలిండర్

"ప్రింట్లు తీసినవా?" అన్నాడు నరేందర్, బ్రష్షు నోట్లో ఉండగానే. ఆదివారం పొద్దున్నే పెనం ముందు నిలబడి దోసెలు పోస్తున్నాను. తీశాను. నాలుగు రోజులు ఆఫీసులో భోజనాల వేళ ఇంటర్నెట్టు ముందు కూర్చుని, సూపర్‌చార్జర్ గురించి దొరికిందంతా చదివి, పనికొచ్చే ముప్పై పేజీలు ప్రింటు తీసి, మా ఆయనకు అర్థం కాని చోటల్లా పక్కన తెలుగులో రాసి, క్లిప్పు పెట్టి ఫ్రిజ్ మీద ఉంచాను. పరీక్షకు పోయే కొడుక్కి కూడా ఏ తల్లీ అంత చెయ్యదు. తీశానని చెబితే మంచిదని అనలేదు. "పల్లి చట్నీ జేయలేదా?" అన్నాడు.

ఆయన ప్రాణమంతా ఒక ఎర్రకారు. సెకండ్‌హ్యాండులో కొన్నది. చూడడానికి చిన్నదే గానీ ఇంజను పెద్దది, తొక్కితే ఉరుకుతుంది. ఆ ఉరుకుడు చాలదట. ఇంజనులోకి గాలిని బలంగా తోసే సూపర్‌చార్జర్ పెట్టించాలని ఏడాదిగా ఒకటే కలవరింత. సామాను విదేశం నుంచి వచ్చేసింది. సోఫా పక్కన ఆ పెట్టె మీదే మా అమ్మాయి మానస కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. ఇక తేలాల్సింది ఏ షాపులో పెట్టించాలన్నదే. కారు కాగితాల మీద పేరు మాత్రం నాది. అప్పిచ్చిన బ్యాంకువాళ్ళకు ఆయన ఉద్యోగం కంటే నా ఉద్యోగం మీద నమ్మకం ఎక్కువ. లైసెన్సు కూడా ఉంది. ఏఎస్ రావు నగర్‌లో నేర్చుకుని తీసుకున్నాను. ఏడేళ్ళలో అది గ్యాస్ కనెక్షనుకు ఒకసారి, సిమ్‌కార్డుకు ఒకసారి పనికొచ్చింది. "క్లచ్ మీదికెళ్ళి కాలు దియ్యవ్, బండి ఖరాబైతది" అన్నాడొకరోజు. ఆ తర్వాత తాళం నా చేతికి రాలేదు.

నాచారంలో ఇంజను భాగాలు తయారు చేసే చిన్న కంపెనీలో నాది తనిఖీ పని. తొమ్మిదేళ్ళయింది. ఒక్కో ముక్కనూ కొలిచి, తేడా ఉంటే ఎర్ర చుక్క పెట్టి, కార్డు మీద "తిరస్కరించాను" అని రాసి సంతకం చేస్తాను. నా సంతకం లేనిదే పెట్టె గేటు దాటదు. యజమాని అచ్యుతరావుగారంతటి ఆయన కూడా "అర్జెంటమ్మా, ఈ ఒక్కటీ చూసీ చూడనట్టు పోనివ్వు" అని నిలబడతారు. నేను తలెత్తకపోతే వెళ్ళిపోతారు. అలాంటిదాన్ని సాయంత్రం ఇంటికొచ్చి, నరేందర్ ఏ కాగితం మీద ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం పెడతాను. చదవను కూడా. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పోయిన ఆదివారం నాచారంలోనే బిక్షపతి షెడ్డుకు పోయాం. మా కంపెనీకి వచ్చిపోయే పాతకాలపు మెకానిక్కు, నేనే చెప్పి తీసుకెళ్ళాను. అతను కారును పొగడలేదు, మమ్మల్నీ పొగడలేదు. ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలోనూ ఒత్తిడి ఎంతుందో గేజి పెట్టి చూశాడు. ఒకటి, రెండు, నాలుగింట్లో ముల్లు నూట ఎనభై దగ్గర నిలిచింది. మూడో సిలిండర్లో మాత్రం నూట నలభై దాటలేదు.

"మూడోదాంట్ల దమ్ము లేదు సారూ. గిప్పుడు గాలి నూకినమంటె పిస్టన్ ఆగది, తొవ్వలనే పల్గుతది. ముందుగాల ఇంజన్ ఇప్పి రింగులు మార్వాలె. నెల పడ్తది" అన్నాడు.

నరేందర్ మొహం మాడిపోయింది. తిరిగొస్తూ "ముసలోనికి కొత్త సామాన్ అంటె భయం" అన్నాడు. గేజికి ముసలితనం ఏముంటుందని అడిగాను. "నీకు ఇంట్లగూడ కొలతలేనా?" అన్నాడు. రోజూ మానసను బడి దగ్గర దింపేది ఈ కారులోనే. సూపర్‌చార్జర్ పెట్టగానే స్నేహితులతో వరంగల్ రోడ్డు మీద పరుగు పెట్టిస్తానని, "బిడ్డను గూడ కూసవెట్టుకపోత" అని మాటిచ్చాడు. మానస ఆ మాట క్లాసులో అందరికీ చెప్పుకుంది. నూట ముప్పై మీద పోతుండగా ఇంజను పట్టేస్తే వెనక సీట్లో పిల్లకు ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసి కూడా గట్టిగా అనలేనందుకు ఆ వారమంతా నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈ ఆదివారం సూపర్‌చార్జర్ పెట్టె డిక్కీలో వేసుకుని, నరేందర్ ఎంచుకున్న దుర్గేష్ షాపుకు బయల్దేరుతుంటే మా అత్త కౌసల్యమ్మ నాలుగు నిమ్మకాయలు సంచిలో వేసింది. "పని అయినంక టైర్ల కింద పెట్టుడు మర్వకు. మొగోళ్ళు బండి ముచ్చట మాట్లాడుతుంటె నడుమల నోరు వెట్టకు బిడ్డా" అంది.

ఆ షాపు ఉప్పల్ రింగురోడ్డు పక్కన. అద్దాల గది, ఏసీ, గోడల నిండా కార్ల బొమ్మలు. "రా అన్నా! వదినకు కుర్సీ ఎయ్యిర్రి, చాయ్ ఇయ్యిర్రి" అన్నాడు దుర్గేష్. ఆ కుర్చీని వాళ్ళిద్దరి వెనక వేశారు. నా ముప్పై పేజీలు నరేందర్ చేతిలో ఉన్నాయి. నేను రాసిన ప్రశ్నలే ఒక్కొక్కటీ తనవైనట్టు అడుగుతున్నాడు.

"అన్నకు మస్తు నాలెడ్జ్ ఉన్నది!" అన్నాడు దుర్గేష్.

నరేందర్ నవ్వాడే గానీ వెనక్కి తిరిగి చూడలేదు. పన్నెండో పేజీలో, ముందు ఒత్తిడి చూస్తారా అని ఎర్రసిరాతో పెద్దగా రాశాను. ఆ పేజీ ఒక్కటీ చదవకుండా తిప్పేశాడు. దాంతో నేనే అడిగాను.

"సిలిండర్ల ఒత్తిడి చూసినంకనే పెడతరా?"

అడిగింది నేనైతే జవాబు ఆయనకు చెప్పాడు దుర్గేష్. "గవన్ని పాత ముచ్చట్లన్నా. సౌండ్ ఇంటె సాలు, నాకెర్కైతది. నీ ఇంజన్ పులి."

"మూడోదాంట్ల నూట నలభయ్యే ఉన్నది" అన్నాను.

"హిమజా, నువ్వు జర చాయ్ తాగు" అన్నాడు నరేందర్.

తాగాను. చల్లారిపోయిన చాయ్‌ని గుక్క తిప్పుకోకుండా తాగాను. కోపమొస్తే చేతికిచ్చింది మింగెయ్యడం పెళ్ళైన నాటి నుంచీ అలవాటైపోయింది. ఈలోగా బయట బానెట్ ఎత్తేశారు. దుర్గేష్ తాళం టేబుల్ మీద పెట్టి ఒక కాగితం తీశాడు. నరేందర్ దాన్ని నా వైపు జరిపి, మాటలు ఆపకుండానే కింద గీత మీద వేలు పెట్టాడు.

ఎందుకో ఈసారి చదివాను. ఇంజనును తనిఖీ చేయించాననీ, అది ఈ పనికి తగినదేననీ, ఏం జరిగినా యజమానిగా బాధ్యత నాదేననీ ఉంది. తనిఖీ అన్న ఆ మాట లేకపోతే సంతకం పెట్టేసేదాన్నేమో. ఎవరెవరి కార్లకో పోయే ముక్కలను తొమ్మిదేళ్ళుగా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూశాను. నా బిడ్డ కూర్చునే కారును ఆయన వేలికి వదిలేశాను. ఏడుపొచ్చినంత పనైంది.

"సదివేటందుకు ఏమున్నది వదినా, ఉత్త ఫార్మాలిటీ" అన్నాడు దుర్గేష్.

సంచిలోంచి ఎర్రపెన్ను తీశాను. వేలు తియ్యమన్నాను. నరేందర్ తియ్యలేదు. వేలి పక్కనుంచే రాశాను: "మూడో సిలిండర్లో ఒత్తిడి తక్కువ. తిరస్కరించాను." తేదీ వేసి, పూర్తి పేరు రాసి సంతకం చేశాను.

దుర్గేష్ కాగితాన్ని చూసి, నా మొహం చూశాడు. "ఓనర్ నువ్వా వదినా?"

"నేనే. బానెట్ ముయ్యమను తమ్మీ. ఈ బండి నాచారం పోతది."

"పిచ్చి లేసిందా? నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడు నరేందర్ పళ్ళ బిగువున. సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసు. అత్త ఏమంటుందో కూడా తెలుసు.

దుర్గేష్ టేబుల్ మీది తాళాన్ని మెల్లగా నా వైపే జరిపాడు. నా మాటకు లేని విలువ కాగితం మీది పేరుకు ఉంది మరి. తాళం తీసుకుని బయటికొచ్చాను. వెనకే వచ్చిన నరేందర్ చేతిలో సంచి పెట్టాను.

"నిమ్మకాయలున్నయి. టైర్ల కింద మీరే పెట్టుర్రి."

తలుపు తీసి కూర్చున్నాను. సీటు ఆయన కాళ్ళ పొడవుకే ఉంది. నా పాదం క్లచ్‌కు అందలేదు. కింద చెయ్యి పెట్టి మీట వెతికి లాగి, సీటు ముందుకు జరుపుకున్నాను.